నీరసం నిజమే, ఇంధనం మాత్రం అయిపోలేదు: తెగని ఒత్తిడిలో మెదడు శక్తి ఎటు పోతుంది?

నెలల తరబడి టెన్షన్‌లో నలిగే మనిషి నోట ఒక మాట తప్పకుండా వస్తుంది: "పెద్దగా పనేమీ చేయలేదు, అయినా బుర్ర అస్సలు పని చేయట్లేదు." చదివిన పేజీనే మళ్లీ మళ్లీ చదవడం, ఫోన్ చేతిలోకి తీసుకుని ఎందుకు తీశామో మర్చిపోవడం, మామూలుగా ఐదు నిమిషాల్లో అయిపోయే చిన్న పనికి సాయంత్రం దాకా మనసు రాకపోవడం. చుట్టూ ఉన్నవాళ్ల దగ్గర దీనికి రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. "అంతా నీ మనసులోనే ఉంది, ఎక్కువ ఆలోచించకు" అనేది ఒకటి. "మెదడుకి గ్లూకోజ్ తగ్గినట్టుంది, కాస్త తియ్యటిదేదైనా తిను" అనేది ఇంకొకటి. మొదటి మాట మనిషిని దోషిని చేస్తుంది, రెండోది సైన్సులా వినిపిస్తుంది కాబట్టి ఇంకా తేలిగ్గా నమ్మేస్తాం. రెండూ తప్పే, రెండూ ఆ మనిషికి నష్టమే చేస్తాయి.

ఆ నీరసం ఊహేమీ కాదు, దాని వెనక కణాల స్థాయిలో కొలవగలిగిన మార్పులున్నాయి. అలాగని చక్కెర అయిపోయి వచ్చిన నీరసమూ కాదు. ఎడతెగని ఒత్తిడిలో ఉన్నవాళ్ల రక్తంలో చక్కెర తరచుగా కాస్త ఎక్కువే ఉంటుంది. చిక్కంతా ఆ చక్కెరను కణాలు లోపలికి తీసుకోవడంలో, దాన్ని ఖర్చుకు పనికొచ్చే శక్తిగా మార్చుకోవడంలో, ఆ శక్తి మెదడులో ఏ భాగం మీద ఎంత ఖర్చవుతుందో అక్కడ ఉంది. ఈ సంగతి అర్థమైతే "తిను" అనే సలహా, "ఆలోచించకు" అనే సలహా ఎందుకు పనిచేయవో కూడా అర్థమవుతుంది.

ముందు మామూలు రోజు లెక్క చూద్దాం. మెదడు బరువు శరీరం బరువులో సుమారు 2 శాతం. కదలకుండా పడుకుని ఉన్నా సరే, శరీరం వాడే ఆక్సిజన్‌లో 20 శాతం దాకా ఇదొక్కటే తీసుకుంటుంది. రోజుకి 100 నుంచి 120 గ్రాముల గ్లూకోజ్, కరెంటు లెక్కలో చెప్పాలంటే సుమారు 20 వాట్లు. ఇందులో పెద్ద వాటా నాడీకణాల పొరల్లో ఉండే అతి చిన్న పంపులకే పోతుంది. నాడీకణం ఒక్కసారి సంకేతం పంపితే సోడియం లోపలికి, పొటాషియం బయటికి దూసుకుపోతాయి, మళ్లీ సంకేతం పంపాలంటే వాటిని ఎక్కడివక్కడికి తిరిగి తోసెయ్యాలి, అలా తోసిన ప్రతిసారీ ఏటీపీ అనే అణువులు ఖర్చవుతాయి. ఏటీపీ అంటే కణం నేరుగా వాడుకోగలిగిన శక్తి. గ్లూకోజ్‌ని ముక్కలు చేసి, ఆక్సిజన్ సాయంతో, మైటోకాండ్రియా అనే భాగాలు దీన్ని ఎక్కువగా తయారు చేస్తాయి. నిల్వ సంగతికొస్తే మెదడు దాదాపు ఏ పూటకాపూటే. కాలేయంలో, కండరాల్లో చక్కెరను గ్లైకోజెన్ రూపంలో దండిగా దాచుకునే ఏర్పాటు ఉంది గానీ మెదడులో ఆ నిల్వ చాలా తక్కువ, ఉన్న కొంచెం కూడా నాడీకణాల చుట్టూ ఉండే ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాల్లోనే ఉంటుంది. రక్తప్రసారం కొన్ని సెకన్లు ఆగిపోతే స్పృహ తప్పేది అందుకే.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక పాత ప్రయోగం గురించి చెప్పాలి. మనిషి మెదడు ఎంత ఆక్సిజన్ వాడుతోందో కొలిచే పద్ధతిని 1940లలో సేమూర్ కేటీ, కార్ల్ ష్మిట్ తయారు చేశారు. 1955లో లూయీ సోకొలోఫ్, కేటీ తదితరులు అదే పద్ధతితో ఒక సూటి ప్రశ్న వేశారు: మనిషి చేత నోటి లెక్కలు చేయిస్తే మెదడు ఖర్చు పెరుగుతుందా? మొత్తం మెదడు వాడిన ఆక్సిజన్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తర్వాత మార్కస్ రేకల్ లాంటివాళ్లు స్కాన్లతో ఇంకా లోతుగా చూశారు. ఏదో పని మీద మనసు పెట్టినప్పుడు ఆయా ప్రాంతాల్లో పెరిగే శక్తి ఖర్చు సాధారణంగా 5 శాతం లోపే. మిగతాదంతా మనం ఏమీ చేయనప్పుడు కూడా నడిచే ఖర్చే.

దీని అర్థం పెద్దది. మెదడు మొత్తం బడ్జెట్ దాదాపు మారదు. జీతం పెరగని ఇంట్లో ఒక ఖర్చు పెరిగితే ఇంకోటి కోసుకోవాల్సి వచ్చినట్టు, మెదడులో కూడా ఎంత వచ్చింది అనే ప్రశ్న కన్నా ఎవరికి ఎంత పోయింది అనేదే అసలు ప్రశ్న. కష్టంగా ఆలోచిస్తే గ్లూకోజ్ కరిగిపోతుందని, చక్కెర పానీయం తాగితే సంకల్పబలం తిరిగొస్తుందని 2007లో ఒక పరిశోధన వచ్చి బాగా ప్రచారమైంది. అసలు సంకల్పబలం వాడేకొద్దీ తరిగిపోతుందన్న మూల సూత్రాన్నే 2016లో 23 ల్యాబులు కలిసి ఒకే పద్ధతిలో మళ్లీ పరీక్షిస్తే ఆ ప్రభావం దాదాపు సున్నాగా తేలింది. ఆ ప్రచారం మాత్రం ఇంకా ఆగలేదు.

ఒత్తిడి మొదలైన మొదటి గంట

ఒత్తిడి చెడ్డదని చిన్నప్పటి నుంచి వింటాం కాబట్టి ఒక విషయం మర్చిపోతాం: కాసేపటి ఒత్తిడి మెదడుకి శక్తి అందించే ఏర్పాటే. ప్రమాదం కనబడగానే రెండు అలలు లేస్తాయి. మొదటిది సెకన్లలో వస్తుంది. మెదడు అడుగు భాగంలో లోకస్ సెరూలియస్ అనే చిన్న కణాల గుంపు నోరడ్రినలిన్ అనే రసాయనాన్ని మెదడంతా చల్లుతుంది, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ని రక్తంలోకి వదులుతాయి. ఆ నోరడ్రినలిన్ తగలగానే ఆస్ట్రోసైట్లు దాచుకున్న గ్లైకోజెన్‌ని విడగొట్టడం మొదలుపెడతాయి, అంటే అత్యవసర నిల్వ తలుపు తెరుచుకుంటుంది. రెండో అల నిమిషాల మీద వస్తుంది. మెదడులోని హైపోథాలమస్ నుంచి దాని కిందే ఉండే పిట్యూటరీ గ్రంథికి, అక్కడి నుంచి అడ్రినల్ గ్రంథులకు కబురు వెళ్లి కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ విడుదలవుతుంది. కార్టిసాల్ కాలేయం చేత కొత్త చక్కెర తయారు చేయిస్తుంది, కండరాలు, కొవ్వు కణాలు ఆ చక్కెరను లాక్కోకుండా అడ్డుపడుతుంది. మొత్తం మీద రక్తంలో చక్కెర పెరుగుతుంది, అందులో మెదడు వాటాకి ఢోకా ఉండదు.

ఈ అమరిక ఎంత చక్కనిదో చూడండి. పరీక్ష హాల్లో, స్టేజీ ఎక్కే ముందు, రోడ్డు మీద హఠాత్తుగా బ్రేకు వేయాల్సి వచ్చినప్పుడు కళ్లు, చెవులు పదునెక్కేది దీని వల్లే. కార్టిసాల్ శత్రువు కూడా కాదు. రోజూ తెల్లవారి నిద్ర లేచాక అరగంట, ముప్పావుగంటలో అది పైకి ఎగుస్తుంది, అర్ధరాత్రికి బాగా కిందికి దిగుతుంది, మధ్యలో కూడా సుమారు గంటకోసారి చిన్న చిన్న తరంగాలుగా వస్తుంది. ఆరోగ్యమైన మెదడు ఈ ఎగుడుదిగుళ్లకి అలవాటు పడి ఉంటుంది. 1936లో హాన్స్ సెల్యే ఎలుకల మీద చేసిన పనిని నేచర్ పత్రికలో ప్రకటించినప్పుడు బయటపడింది ఏమిటంటే, హాని ఏ రకానిదైనా శరీరం స్పందన ఒకే తీరుగా ఉంటుందని, అడ్రినల్ గ్రంథులు ఉబ్బి, రోగనిరోధక కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి కుంచించుకుపోయి, కడుపులో పుండ్లు పడతాయని, అది ఆగకుండా సాగితే చివరికి ఎలుకలు తట్టుకోలేకపోతాయని. సమస్య ఆగకుండా సాగడంలో ఉంది.

మనిషికి ఆ ఆగకపోవడం మరీ సులువు. ముప్పు ఎదురుగా లేకపోయినా దాన్ని తలచుకుంటే చాలు, పాత మాట ఒకటి గుర్తుకొచ్చినా చాలు, రేపటి మీటింగ్ గురించి రాత్రి పదకొండింటికి ఊహించుకున్నా చాలు, అదే వ్యవస్థ మళ్లీ లేస్తుంది. శరీరం దృష్టిలో ఊహించిన గొడవకీ జరిగిన గొడవకీ పెద్ద తేడా లేదు. ఇలా వారాలు, నెలలు గడిస్తే కార్టిసాల్ ఎప్పుడూ ఎక్కువే ఉంటుందని అనుకుంటారు గానీ అలా ఏమీ ఉండదు. కొందరిలో సాయంత్రం దిగాల్సింది దిగదు, కొందరిలో పొద్దుటి ఎగుపు చప్పబడుతుంది, చాలా కాలం నలిగిన కొందరిలో మొత్తంగా తక్కువ కూడా కనిపిస్తుంది. చెడేది ముఖ్యంగా లయ. "కార్టిసాల్ తగ్గించే" పొడులు, మాత్రలు అమ్మేవాళ్లు ఈ ముక్క ఎప్పుడూ చెప్పరు.

హిప్పోక్యాంపస్ ముందు దెబ్బ తింటుంది

1968లో బ్రూస్ మెక్‌ఇవెన్ ఎలుకల రక్తంలోకి రేడియోధార్మిక గుర్తు వేసిన ఒత్తిడి హార్మోన్ ఎక్కించి, అది మెదడులో ఎక్కడికి చేరుతుందో చూశాడు. ఎక్కువగా హిప్పోక్యాంపస్‌లో తేలింది, అంటే కొత్త జ్ఞాపకాలకు కీలకమైన చోట. హైపోథాలమస్‌లో కనబడాలని అందరూ అనుకున్న రోజులవి. తర్వాత అక్కడ ఆ హార్మోన్‌ని పట్టుకునే గ్రాహకాలు రెండు రకాలున్నాయని తెలిసింది. ఒకటి కార్టిసాల్ కొంచెం ఉన్నా పట్టేసుకుంటుంది, రెండోదానికి పట్టు దాదాపు పది రెట్లు తక్కువ కాబట్టి కార్టిసాల్ బాగా పెరిగినప్పుడే అది నిండుతుంది. మామూలు రోజుల్లో మొదటిది పని చేస్తూ ఉంటుంది, ఒత్తిడిలో రెండోది రంగంలోకి దిగుతుంది, దిగి ఎక్కువ కాలం అలాగే ఉండిపోతే అసలు కథ మొదలవుతుంది.

ఆ కథలో శక్తికి సంబంధించిన ముక్కను 1980లలో రాబర్ట్ సపోల్‌స్కీ పట్టుకున్నాడు. ఎలుకల హిప్పోక్యాంపస్ నుంచి తీసి పెంచిన కణాలకు ఈ హార్మోన్లు తగిలిస్తే అవి గ్లూకోజ్‌ని తీసుకోవడం తగ్గించేశాయి. ఇంతకుముందు చెప్పాను కదా, కార్టిసాల్ కండరాలను, కొవ్వును చక్కెర తీసుకోకుండా ఆపుతుందని. హిప్పోక్యాంపస్‌లో కూడా అలాంటి ఆజ్ఞే కొంత మేరకు అమలవుతోందన్నమాట. ఆ తగ్గుదల ఒక్కటే కణాన్ని చంపదు. మామూలు పనికి సరిపడా శక్తి ఉంటుంది, కానీ ఇంకో కష్టం వస్తే తట్టుకోవడానికి మిగులు ఉండదు. ఆక్సిజన్ కాస్త తగ్గినా, మూర్ఛ లాంటి విపరీతమైన ఉద్రేకం వచ్చినా, హార్మోన్ తగలని కణాలు తట్టుకున్న దెబ్బకి హార్మోన్ తగిలిన కణాలు చచ్చిపోయాయి. ఇంతకీ ఇది శక్తి సమస్యే అని ఎలా తెలిసింది? ఆ కణాలకు కీటోన్ల లాంటి వేరే ఇంధనం అదనంగా ఇచ్చి చూస్తే నష్టం తగ్గింది. నాకు ఈ మొత్తం రంగంలో అన్నిటికన్నా నచ్చిన ప్రయోగం ఇదే, ఎందుకంటే కారణాన్ని ఇంత సూటిగా వేలుపెట్టి చూపించేవి అరుదు.

జాగ్రత్తగా చదవాల్సింది ఏమిటంటే ఇవి ఎలుకలు, గాజు పాత్రలో పెంచిన కణాలు. మనుషుల్లో దీనికి దగ్గరగా ఉన్న రుజువు కుషింగ్ జబ్బు. అందులో కణితి వల్ల శరీరం ఏళ్ల తరబడి కార్టిసాల్‌ని విపరీతంగా తయారు చేస్తుంది. వాళ్ల స్కాన్లలో మెదడు గ్లూకోజ్ వాడకం తగ్గి కనబడింది, హిప్పోక్యాంపస్ చిన్నదై, జ్ఞాపకశక్తి పరీక్షల్లో తేడా వచ్చింది. చికిత్స చేసి కార్టిసాల్‌ని మామూలు స్థాయికి తెచ్చాక హిప్పోక్యాంపస్ పరిమాణం కొంత తిరిగి పెరిగింది కూడా. ఉద్యోగంలో ఒత్తిడి ఉన్న మనిషిది అంత తీవ్రమైన పరిస్థితి కాదు, కానీ దారి అదే వైపు.

మైటోకాండ్రియా దగ్గర ఏమవుతుంది

గ్లూకోజ్ లోపలికి వచ్చాక కూడా దాన్ని ఏటీపీగా మార్చాలి కదా, అక్కడ రెండో చిక్కు. 2009లో ఎలుకల నాడీకణాల్లో చూసిందేమిటంటే, ఒత్తిడి హార్మోన్‌ని పట్టుకున్న గ్రాహకం నేరుగా మైటోకాండ్రియాలోకి వెళ్లి కూర్చుంటుంది. తక్కువ మోతాదులో, కొద్ది సమయం పాటైతే మైటోకాండ్రియా పని మెరుగుపడింది. మోతాదు పెంచి రోజుల తరబడి కొనసాగిస్తే అదే పని దిగజారింది, కణాల రక్షణ తగ్గిపోయింది. ఒకే హార్మోన్, ఒకే కణం, కాలం మారితే ఫలితం తిరగబడింది. కాసేపటి ఒత్తిడి ఎందుకు పదును పెడుతుందో, తెగని ఒత్తిడి ఎందుకు మొద్దుబారుస్తుందో అడిగితే నేను ముందుగా చూపించేది ఈ ఫలితాన్నే.

ఇందులో ఇంకో వింత ఉంది. కార్టిసాల్ తయారీకి మొదటి మెట్టు, చివరి మెట్టు రెండూ అడ్రినల్ కణాల మైటోకాండ్రియాలోనే జరుగుతాయి. ఒత్తిడి హార్మోన్‌ని పుట్టించేదీ మైటోకాండ్రియానే, దాని దెబ్బ తినేదీ మైటోకాండ్రియానే.

మెదడులో ఏటీపీ నిజంగా తగ్గుతుందా? 2013లో చైనా శాస్త్రవేత్తలు ఎలుకలను బలమైన ఎలుకల చేతిలో రోజూ ఓడిపోయేలా చేసి చూశారు. అలా కుంగిపోయిన ఎలుకల మెదడులో కణాల వెలుపల ఉండే ఏటీపీ తక్కువగా ఉంది, అందులో ఆస్ట్రోసైట్లు విడుదల చేసే వాటా ముఖ్యమని తేలింది, ఏటీపీని తిరిగి అందిస్తే కుంగుబాటు లక్షణాలు తగ్గాయి. అంటే ఏటీపీ ఇంధనమే కాదు, కణాల మధ్య కబురు కూడా. మరో పక్క, స్విట్జర్లాండ్‌లో కార్మెన్ సాండీ బృందం, స్వతహాగా ఎక్కువ ఆందోళన పడే ఎలుకల్లో న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే చోట మైటోకాండ్రియా పనితీరు తక్కువగా ఉందని 2015లో చూపించింది. ప్రయత్నం చేయాలనిపించడం, ప్రతిఫలం కోసం శ్రమ పడటం అనేవాటికి ఆ చోటుతో గట్టి సంబంధం ఉంది. ఆ ఎలుకలు పోటీలో వెనకబడ్డాయి, ఆ చోట మైటోకాండ్రియా పనిని పెంచితే పుంజుకున్నాయి.

ఇక్కడ ఒక చిక్కుముడి వస్తుంది. శక్తి తయారీ తగ్గుతుందని ఒక పక్క చెబుతూనే, ఒత్తిడిలో ఖర్చు పెరుగుతుందని ఇంకో పక్క ఎలా చెబుతాం? రెండూ నిజమే. కొలంబియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ పికార్డ్ బృందం మనిషి చర్మం నుంచి తీసిన కణాలను నెలల తరబడి ఒత్తిడి హార్మోన్‌ని పోలిన మందులో ఉంచి 2023లో ఫలితాలు ప్రకటించింది. ఆ కణాలు మామూలు కణాల కన్నా సుమారు 60 శాతం ఎక్కువ శక్తి ఖర్చు పెట్టాయి, త్వరగా ముసలివయ్యాయి. అవి మెదడు కణాలు కావు, అయినా సంగతి ముఖ్యమైనది: ఎప్పుడూ సిద్ధంగా ఉండటానికే ఖర్చవుతుంది. రక్షణ ఏర్పాట్లు నడపాలి, ప్రోటీన్లు తయారు చేయాలి, గుండెను కాస్త వేగంగా ఉంచాలి. మెక్‌ఇవెన్, ఎలియట్ స్టెల్లార్ 1993లో ఈ పేరుకుపోయే అరుగుదలకి అలోస్టాటిక్ లోడ్ అని పేరు పెట్టారు. రాబడి సామర్థ్యం తగ్గుతూ, స్థిరమైన ఖర్చు పెరుగుతూ ఉంటే కోత పడేది ఎక్కడ? ఎదుగుదల, మరమ్మతు, కొత్తది నేర్చుకోవడం లాంటి ఆగగలిగిన పనుల మీద.

మెదడులో ఆ కోత అన్ని చోట్లా ఒకేలా పడదు. బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్)లో సుమంత్ర చటర్జీ బృందం 2002లో చూపించింది దీన్నే. పది రోజులు, రోజుకి రెండు గంటలు కదలనివ్వకుండా ఉంచిన ఎలుకల్లో హిప్పోక్యాంపస్ నాడీకణాల కొమ్మలు కురచబడ్డాయి. అదే ఎలుకల్లో, అదే రోజుల్లో, భయాన్ని పసిగట్టే అమిగ్డలా కణాల కొమ్మలు పెరిగాయి. నాకు తెలిసి ఒత్తిడి గురించి చెప్పే వ్యాసాల్లో సగం ఈ రెండో ముక్కను వదిలేస్తాయి, "ఒత్తిడి మెదడును కుదిస్తుంది" అని ఊరుకుంటాయి. కొమ్మలు పెరగడమంటే కొత్త కనెక్షన్లు, కొత్త కనెక్షన్లంటే వాటిని నడిపే పంపులు, అంటే ఖర్చు. ప్లానింగ్, నిగ్రహం చూసుకునే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో కూడా హిప్పోక్యాంపస్‌లో లాగే కొమ్మలు తగ్గుతాయి. దానికి తోడు ఒత్తిడిలో నోరడ్రినలిన్, డోపమైన్ మరీ ఎక్కువైతే అక్కడి కణాల మధ్య పట్టు వదులవుతుందని యేల్ విశ్వవిద్యాలయంలో ఎమీ ఆర్న్‌స్టెన్ దశాబ్దాలుగా చూపిస్తూ వచ్చింది. భద్రత విభాగం పెరిగి, ఆలోచన విభాగం తగ్గిన మెదడు ప్రతి చిన్న శబ్దానికీ ఉలిక్కిపడి, ఒక పేజీ మాత్రం చదవలేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇది మనుషుల స్కాన్లలో కూడా కనిపించింది. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో 293 మంది గ్లూకోజ్ స్కాన్లను చూసి, తర్వాత కొన్నేళ్లు వాళ్లను గమనించారు. అమిగ్డలా చురుకు ఎక్కువగా ఉన్నవాళ్లకి గుండెపోటు, పక్షవాతం లాంటివి ఎక్కువగా వచ్చాయి, మధ్యలో ఎముక మజ్జ చురుకుదనం, రక్తనాళాల్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) ఆ రెంటినీ కలిపాయి.

ఇన్‌ఫ్లమేషన్ మాట వచ్చింది కాబట్టి అది కూడా. తెగని ఒత్తిడిలో రోగనిరోధక కణాలు కార్టిసాల్ మాట వినడం తగ్గిస్తాయి, దాంతో అది అణచాల్సిన ఇన్‌ఫ్లమేషన్ అణగదు. మెదడులో కాపలా కాసే మైక్రోగ్లియా రెచ్చిపోయినప్పుడు గ్లూకోజ్‌ని నిదానంగా పూర్తిగా వాడుకునే పద్ధతి వదిలేసి, త్వరత్వరగా సగం కాల్చి పారేసే పద్ధతికి మారతాయి. జ్వరం వచ్చినప్పుడు ఎవరితోనూ మాట్లాడాలనిపించదు, దేనిమీదా ఆసక్తి ఉండదు, గుర్తుందా? శరీరం కావాలనే శక్తిని పోరాటం వైపు మళ్లించే స్థితి అది. హెపటైటిస్ సికి, రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టే ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా ఇంజెక్షన్లు తీసుకున్న చాలామందిలో తీవ్రమైన అలసట, కుంగుబాటు వచ్చేవి, వాళ్ల స్కాన్లలో మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియా అనే భాగాల గ్లూకోజ్ వాడకం మారిపోయి కనబడింది. మానసిక బలహీనత అని ముద్ర వేయడానికి ముందు ఆ రోగులను గుర్తు చేసుకోవాలి, ఎందుకంటే అప్పటిదాకా బాగానే ఉన్న మనుషులు ఒక మందు వల్ల అలా అయ్యారు.

అలసట ఎవరు చెబుతున్న మాట

2022లో పారిస్ పరిశోధకులు కొందరి చేత ఆరు గంటల పైన కష్టమైన మానసిక పని, ఇంకొందరి చేత తేలికైన పని చేయించి పోల్చారు. కష్టమైన పని చేసినవాళ్ల ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో గ్లూటమేట్ పేరుకుంది, వాళ్లు సాయంత్రానికి తేలిగ్గా, వెంటనే దొరికే ప్రతిఫలం వైపు మొగ్గారు. గ్లూటమేట్ నాడీకణాల మధ్య కబురు మోసే రసాయనం, ఎక్కువ పేరుకుంటే దాన్ని సర్దడం మెదడుకి పని. కాబట్టి అలసట అంటే ట్యాంకు ఖాళీ అయిందన్న కబురు కన్నా, ఇలాగే కొనసాగిస్తే సర్దుబాటు కష్టమవుతుందన్న హెచ్చరికకు దగ్గరగా ఉంది. ఆ హెచ్చరిక వినకుండా చక్కెర తింటే ఏమవుతుంది? రక్తంలో ఇప్పటికే ఉన్నదానికి ఇంకాస్త తోడవుతుంది, ఇన్సులిన్ దాని వెనక పరిగెడుతుంది, నెలల తరబడి ఇలా జరిగితే ఇన్సులిన్ పని చేయడమే మందగిస్తుంది.

కాఫీ సంగతి కూడా ఇలాంటిదే. ఏటీపీ ఖర్చయ్యేకొద్దీ అడినోసిన్ పేరుకుంటుంది, అది నిద్ర ముంచుకొచ్చేలా చేస్తుంది. కెఫీన్ ఆ అడినోసిన్ కూర్చోవాల్సిన కుర్చీలో తాను కూర్చుంటుంది, అంతే. కొత్త శక్తి ఏదీ రాదు, కబురు మాత్రం అందదు. తాగిన ఐదారు గంటలకు కూడా సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుంది కాబట్టి సాయంత్రపు కప్పు రాత్రి నిద్రను కొరుకుతుంది. నిద్ర ఎందుకంత ముఖ్యమంటే, పగలంతా పని చేసిన ప్రాంతాల్లో ఏటీపీ నిద్రపోయిన మొదటి గంటల్లో బాగా ఎగుస్తుందని 2010లో ఎలుకల్లో కొలిచారు. మనుషుల్లో 24 గంటలు నిద్ర లేకపోతే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, థాలమస్ గ్లూకోజ్ వాడకం పడిపోతుంది. తెగని ఒత్తిడి ముందుగా తినేది ఆ నిద్రనే.

మరి ఏది పని చేస్తుంది అంటే, నా జాబితా చిన్నది, అందులో కొనాల్సినవి ఏవీ లేవు. నిద్ర మొదటిది, కారణం పైన చెప్పాను. రెండోది ఒళ్లు కదపడం. ఎనిమిది వారాలు పరిగెత్తించిన ఎలుకల మెదడులో మైటోకాండ్రియా పెరిగిన గుర్తులు కనిపించాయి. 2011లో 120 మంది పెద్దవయసువాళ్లతో చేసిన ప్రయోగంలో ఏడాదిపాటు చురుగ్గా నడిచినవాళ్ల హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగింది, ఒళ్లు సాగదీసే వ్యాయామం మాత్రమే చేసినవాళ్లలో కాస్త తగ్గింది. మూడోది మన చేతుల్లో ఎప్పుడూ ఉండదు, అయినా దాని గురించి చెప్పకపోతే అన్యాయం. జే వైస్ 1970 ప్రాంతంలో ఎలుకలకు కరెంటు షాకులు ఇస్తూ చూశాడు: షాకు వచ్చే ముందు శబ్దంతో తెలిసిన ఎలుకలకి, దాన్ని ఆపగలిగిన ఎలుకలకి కడుపులో పుండ్లు తక్కువ. తగిలిన షాకులు మాత్రం అందరికీ అన్నే. ఎప్పుడు ఏం మీద పడుతుందో తెలియకపోవడం, తెలిసినా చేయగలిగింది లేకపోవడమే ఎక్కువ ఖరీదైనది. కాబట్టి ఎవరి కిందైనా పదిమంది పని చేస్తుంటే, వాళ్లకి ధ్యానం క్లాసు పెట్టించడం కన్నా ముందు రేపటి పని ఏమిటో ఈరోజే చెప్పడం, సెలవు అడిగితే అవునో కాదో వెంటనే తేల్చడం వాళ్ల మెదడుకి ఎక్కువ మేలు.

ఒక జాగ్రత్త. థైరాయిడ్ తగ్గడం, రక్తహీనత, బి12 లోపం, షుగరు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, డిప్రెషన్, ఇవన్నీ అచ్చం ఇలాగే కనబడతాయి, అన్నిటికీ పరీక్షలున్నాయి, చికిత్సలున్నాయి. వారాల తరబడి తగ్గని నీరసానికి టెన్షన్ అని పేరు పెట్టేసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా ఉండొద్దు.

చివరిగా, చాలామంది అడిగే ప్రశ్న: ఇది మళ్లీ మామూలవుతుందా? చాలా వరకు అవుతుంది. 2009లో పెద్ద పరీక్షకి నెల రోజులుగా తయారవుతున్న 20 మంది వైద్య విద్యార్థులను స్కాన్ చేస్తే, దృష్టిని ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి మార్చడంలో వాళ్లు తడబడ్డారు, ప్రీఫ్రంటల్ కార్టెక్స్ మిగతా ప్రాంతాలతో కలిసి పని చేయడం సన్నగిల్లింది. పరీక్ష అయిపోయి నెల గడిచాక మళ్లీ చూస్తే మామూలు వాళ్లతో తేడా లేదు. ఎలుకల్లో కూడా ప్రీఫ్రంటల్ కొమ్మలు మూడు వారాల విశ్రాంతిలో తిరిగి పెరిగాయి, హిప్పోక్యాంపస్ కొమ్మలూ కోలుకున్నాయి. అమిగ్డలా మాత్రం అంత త్వరగా వెనక్కి తగ్గలేదు. చటర్జీ బృందమే 2004లో చూపించింది, ఒత్తిడి ఆపేసిన 21 రోజుల తర్వాత కూడా అక్కడ పెరిగిన కొమ్మలు పెరిగినట్టే ఉన్నాయి, ఎలుకల్లో ఆందోళనా తగ్గలేదు. సమస్య తీరిపోయి, పని మామూలుగా చేసుకుంటూ, అయినా ఫోన్ మోగితే గుండె ఝల్లుమనే మనిషిని "ఇంకా ఏంటి నీకు" అని అడిగే ముందు ఆ 21 రోజుల సంగతి ఒకసారి తలుచుకోండి.